అతిమానుష వేషములకు నటుల నెన్నుకొనుట



అమీర్‌పేట కూడలిలో నేడు రెండు మెట్రో రైలు మార్గములు ఒకదానిపై నొకటి దాటుచున్నవి. ఆ వంతెనల నీడను నిలిచి చుట్టును పరికించినచో తెలుగు చలనచిత్ర చరిత్రలోని పెక్కు ఘట్టములు ఒకటి రెండు కోసుల లోపలనే కానవచ్చును. ఒకవైపున 1956వ సంవత్సరమున నెలకొల్పబడిన సారథి స్టూడియో. మఱొకవైపున ఒకప్పటి సత్యం థియేటరు స్థలమున 2023లో తెఱువబడిన క్రొత్త సినిమా భవనము. మైత్రీవనము చుట్టును కంప్యూటరు విద్య గఱపు శిక్షణశాలలు. బొమ్మలకు కదలిక నిచ్చు విద్యను నేర్పునవియు వానిలో గలవు. యూసఫ్‌గూడ దాటినచో కృష్ణానగర్. చిన్న వేషముల కొఱకు ఎదురుచూచు నటీనటుల యిరుకు గదులు అక్కడ నున్నవి. పంజాగుట్ట మీదుగా బంజారాహిల్సు మెట్టల నెక్కినచో అన్నపూర్ణ స్టూడియో. నేటి నా ప్రసంగమునకు కావలసిన సాక్షులలో పలువురు ఈ చుట్టుపట్లనే యున్నారు.

ఈ మధ్య పిల్లల నోట ‘సూపర్‌హీరో’ యను మాట తఱచుగా వినబడుచున్నది. మానవశక్తిని మించిన శక్తి గలవాడై, దానిని పరుల మేలునకై వినియోగించు వీరుడని దాని యర్థము. అట్టి వీరుని తెఱపై చూపదలచినప్పుడు ఆ వేషమును ఎవరికి కట్టవలెనను ప్రశ్న పుట్టును. ఇది అమెరికానుండి దిగుమతియైన ప్రశ్న యని కొందఱు తలచుచున్నారు. కాని తెలుగు సినిమాకు ఇది పుట్టుకతోడనే వచ్చిన ప్రశ్న. కొండ నెత్తినవానిని, సముద్రమును దాటినవానిని, కోరిన రూపము ధరించినవానిని చూపుటకు మనవారు తొంబదియేండ్లుగా నటులను వెదకుచునే యున్నారు. ఆ వెదకులాట చరిత్రను చూచినచో నాకు ఒక సంగతి స్పష్టముగా తోచుచున్నది. అతిమానుషమైన ముఖము ఎక్కడనో సిద్ధముగా నుండి దొరకునది కాదు; అది తయారగునది. దర్శకుని దృష్టి, నటుని శ్రమ, ప్రేక్షకుని నమ్మకము అను మూడును కలిసిననే అది తయారగును. ఈ మూడింటిలో కడపటిది ఆలస్యముగా వచ్చును. ధనమిచ్చి కొన వలనుపడదు.

ముందుగా నాటకరంగమును స్మరింతము. నాటకశాలలో వెనుక వరుసల వారికి నటుని ముఖము కంటె కంఠమే ముందుగా చేరెడిది. కావున కృష్ణవేషమునకు పద్యమును రాగయుక్తముగా పాడగలవాడు కావలెను. వయస్సును, ఆకారమును పిమ్మట చూచెడివారు. స్థానం నరసింహారావుగారు పురుషులై యుండియు సత్యభామ వేషమున ఆంధ్రదేశమంతటి మెప్పును పొందిరి. రంగస్థలముమీద దూరము నటునకు మేలు చేసెను. ప్రేక్షకుడు తన యూహతో మిగిలినది పూరించుకొనెను. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజములో కుటుంబమునకు కుటుంబమే వేషములు పంచుకొనెడిది. అచ్చట నటుల నెన్నుకొను పని లేనేలేదు. ఇంట నున్నవారే దేవతలు, ఇంట నున్నవారే రాక్షసులు.

1932లో విడుదలయైన మన మొదటి టాకీ ‘భక్తప్రహ్లాద’కు హెచ్. ఎం. రెడ్డిగారు ఈ సురభివారినే తీసికొనిపోయిరి. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయిగారు లీలావతి. నాటకమును పలుమాఱు లాడినవారు గనుక మాటలు వారికి కంఠస్థములై యుండెను. ఆనాడు దర్శకుడు ముఖమును వెదకలేదు, నేర్పును వెదకెను. 1934లో వచ్చిన ‘లవకుశ’లో పారుపల్లి సుబ్బారావుగారు రాముడు, శ్రీరంజనిగారు సీత. 1936లో ద్రౌపది కథ రెండు సంస్థల చేతిలో ఒకేసారి రెండు చిత్రములయ్యెను. ఒకదానిలో సి. యస్. ఆర్. ఆంజనేయులుగారు కృష్ణుడు, యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు. రెండవదానిలో బందా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడు, బళ్ళారి రాఘవగారు దుర్యోధనుడు. రాఘవగారు రంగస్థలమున మహానటులు. అయినను ప్రేక్షకులు ఎక్కువగా ఆదరించినది మొదటి చిత్రమునే. రంగస్థలమున గడించిన కీర్తి తెఱమీద తనంతట చెల్లుబాటు కాదని నిర్మాతలకు అప్పుడే తెలియవచ్చెను. కెమేరా దగ్గఱకు వచ్చి కంటి ఱెప్పను గూడ చూపుచుండగా, దూరము చేసెడి మేలు నటునకు లేకపోయెను.

ఇక కె. వి. రెడ్డిగారి కాలమునకు వత్తము. 1951లో విడుదలయైన ‘పాతాళభైరవి’లో తోటమాలి కొడుకు మాంత్రికునెదిరించి రాజకుమారిని పెండ్లాడును. ఆ తోటరాముని వేషమునకు మొదట అక్కినేని నాగేశ్వరరావుగారిని తలపోసిరనియు, ఒకనాడు టెన్నిసు ఆటలో నందమూరి తారక రామారావుగారు చీకాకుపడి బంతిని బలముగా కొట్టిన తీరును చూచి మనసు మార్చుకొనిరనియు ఒక కథ సినిమావారి నోట వినబడుచుండును. కథలో నిజమెంతయైనను, అది చెప్పు నీతి సరియైనది. దర్శకుడు చూచినది అందమును గాదు. కోపమున శరీరము కదలిన విధమును. రామారావుగారు సినిమా కుటుంబమువారు కారు. కృష్ణామండలమున నిమ్మకూరులో 1923లో జన్మించి, సబ్‌రిజిస్ట్రారు కచేరీలో దొరికిన యుద్యోగమును విడిచి మద్రాసు చేరినవారు. 1949లో ‘మనదేశం’ చిత్రమున చిన్న పోలీసు వేషముతో తెఱకెక్కినవారు.

ఆయనయే కృష్ణుడని తెలుగువారు నేడు కన్నులు మూసికొని చెప్పుదురు. కాని ఆ ముఖము ఒక్కనాటిలో కృష్ణముఖము కాలేదు. 1956లో ‘సొంత ఊరు’ చిత్రమున ఆయన కృష్ణవేషముతో కొంచెముసేపు కనిపించినప్పుడు ప్రేక్షకులు మెచ్చలేదు. అందుచేత మఱుసటి సంవత్సరమున ‘మాయాబజార్’కు కె. వి. రెడ్డిగారు ఆయనను కృష్ణుడుగా ఎన్నుకొన్నప్పుడు రామారావుగారే వెనుకాడిరి. దర్శకుడు పట్టు విడువలేదు. పట్టు విడువకుండుటతో ఆగలేదు గూడ. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌గార్లు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లేగారు. కిరీటము, ఆభరణములు, ఆహార్యము, నిలుచు భంగిమ, నడక అన్నిటిపైనను ప్రత్యేకశ్రద్ధ వహించిరి. నటుడు తన వేగమును తగ్గించి చిఱునవ్వును అలవఱచుకొనెను. చిత్రము విడుదలయైన పిమ్మట మునుపటి నిరాదరణ ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. కృష్ణవేషమును ఆయన పదునేడు చిత్రములలో ధరించెనని సాధారణముగా లెక్క చెప్పుదురు. నిరాకరింపబడిన ముఖమే ఒక్క సంవత్సరములో దేవుని ముఖమైనది. మాఱినది ముఖము కాదు; దాని వెనుక పడిన శ్రమ.

ఆ ‘మాయాబజార్’ చిత్రముననే ఇంకొక విశేషము గలదు. 1936లో కృష్ణుడుగా నిలిచిన సి. యస్. ఆర్. గారు ఇందులో శకుని. ఘటోత్కచుడుగా ఎస్. వి. రంగారావుగారు. శశిరేఖ వేషమున నున్న సావిత్రిగారు, ఆ శశిరేఖ రూపమున దాగిన ఘటోత్కచుని గూడ అభినయింపవలసి వచ్చెను. సుకుమారమైన ఆడుపిల్ల దేహములో రాక్షసుని గర్వమును నడకతోడను కనుబొమలతోడను ఆమె చూపినారు. అతిమానుష వేషమునకు కండలు మాత్రమే కావలెనను వారు ఆ ఘట్టమును ఒకసారి చూడవలెను.

ఒకే ముఖమున ఇంత నమ్మకము కుదిరినప్పుడు ఒక చిక్కు గూడ కలుగును. ఇతరుల కెవరికి ఆ కిరీటము పెట్టినను జనులు పోల్చి చూడక మానరు. ఈ చిక్కును కొంతవఱకు సడలించినవారిలో రామారావుగారే మొదటివారు. 1961లో తాము దర్శకత్వము వహించిన ‘సీతారామకల్యాణం’లో ఆయన రావణవేషమును తాము తీసికొని, రాముని వేషమును యువకుడైన హరనాథ్‌గారి కిచ్చిరి. పిమ్మట 1963లో రంగుల ‘లవకుశ’లో ఆయనయే రాముడై యింటింట నిలిచిపోయెను. అయినను 1972లో బాపుగారు ‘సంపూర్ణ రామాయణం’ తీసినప్పుడు సాంఘిక చిత్రముల శోభన్‌బాబుగారిని రాముడుగా నిలిపిరి. ఆ చిత్రమున హనుమంతుని వేషము అర్జా జనార్దనరావుగారిది. 1968లో ‘వీరాంజనేయ’లోను ఆయనయే ఆంజనేయుడు. వానరుని మూతి ధరించిన నటుని సొంత ముఖము ప్రేక్షకునకు తెలియదు. ఆయన శ్రమ యంతయు దేహముననే కనబడవలెను.

ఇంతవఱకు చెప్పిన కథ చాలవఱకు మద్రాసుది. హైదరాబాదున సారథి స్టూడియో చల్లపల్లి రాజావారి పూనికతో అమీర్‌పేటలో వెలసినది. మొదట ఇచ్చట చిత్రీకరింపబడిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలయైన కుటుంబకథ. అక్కినేని నాగేశ్వరరావుగారు హైదరాబాదునకు నివాసము మార్చి, సారథిలో పెక్కు చిత్రములలో నటించి, 1970 దశకము నడుమ అన్నపూర్ణ స్టూడియోను నిర్మించిరి. ఆయన ప్రసిద్ధి పొందిన పురాణ భక్తిపాత్రలను చూడుడు. విప్రనారాయణుడు, కాళిదాసు, తుకారాం, గోరా కుంభారుడు. అందఱును దైవకృపకు పాత్రులైన మానవులే. ఒక నటుని ముఖములో జనులు దైవమును చూచిరి. వేఱొకని ముఖములో దైవమును వెదకు మనుష్యుని చూచిరి. ఇరువురును సమానులే, కాని వేషములు మార్చినచో అంత నప్పెడివి కావేమో. ఎన్నికలోని రహస్యమిదే: పాత్ర యెంత గొప్పదను ప్రశ్న కాదు, ఆ నటునియందు జనులు ఇదివఱకే ఏమి చూచియున్నారను ప్రశ్న.

ఇప్పుడు సముద్రములకు ఆవలి సంగతి యొకటి చెప్పవలెను. 1978లో అమెరికాలో ‘సూపర్‌మేన్’ చిత్రమును రిచర్డ్ డోనర్ తీసెను. పేరుపొందిన నటుడు ఆ వేషమున నెగిరినచో ప్రేక్షకులు నటునే చూతురు గాని వీరుని చూడరని ఆయన తలచెను. కావున రంగస్థలమున పనిచేయుచున్న క్రిస్టఫర్ రీవ్ అను ఇరువదినాలుగేండ్ల యువకుని ఎన్నుకొనిరి. అతడు పొడవరియే గాని సన్నగా నుండెడివాడు. డేవిడ్ ప్రౌస్ అను వ్యాయామవేత్త అతనిచే నెలలతరబడి కసరత్తు చేయించి దేహమును పెంపొందించెను. మార్లన్ బ్రాండో, జీన్ హాక్‌మన్ వంటి ప్రసిద్ధుల పేర్లు ప్రకటనలలో ముందు నిలిచెను. వీరుని ముఖము మాత్రము క్రొత్తది.

రెండేండ్లు తిరుగక మునుపే, 1980లో, తెలుగున ‘సూపర్‌మేన్’ అనుపేరనే ఒక చిత్రము వచ్చెను. వి. మధుసూదనరావుగారు దర్శకులు. ఆంజనేయుని కటాక్షముచే అద్భుతశక్తి పొందిన యువకుని కథ యది. ఆ వేషమును ధరించినది ఏబదియేడేండ్ల రామారావుగారు. అమెరికావారు క్రొత్త ముఖమును వెదకిరి; మనవారు అందఱెఱిగిన ముఖమును కోరిరి. దీనిని చూచి నవ్వుట సులభము. కాని అందులో ఒక తర్కము గలదు. వారి వీరుడు వేఱొక గ్రహమునుండి వచ్చినవాడు. ఎఱుగని ముఖమే అతనికి తగినది. మన వీరుని శక్తి దైవమునుండి వచ్చినది. దైవము ముఖముగా జనులు చూచిన నటుడే అందుకు తగినవాడని నిర్మాతలు భావించిరి. ఆ నమ్మకము తెఱతో ఆగలేదు. 1982లో ఆయన రాజకీయపక్షమును స్థాపించిరి. 1983 జనవరిలో ముఖ్యమంత్రి యైరి. ఆ విజయమునకు ఇతర కారణములు పెక్కు గలవు. అయినను వేషము కట్టబెట్టుట ఎంత బరువైన పనియో ఈ యుదాహరణము తెలుపుచున్నది.

1996లో రామారావుగారు కన్నుమూసిరి. మఱుసటి సంవత్సరముననే రెండు చిత్రములు ఆ శూన్యమును రెండు విధముల పూరింప యత్నించెను. కె. రాఘవేంద్రరావుగారి ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరుని వేషమును సుమన్‌గారి కిచ్చిరి. ఆయన అంతకుమునుపు పోరాటములకును కరాటే విద్యకును పేరుపడిన నటుడు. ఆ దేహదార్ఢ్యమును నిశ్చలముగా నిలిపి చూపుటయే దర్శకుని నేర్పు. జనులు నమస్కరించిరి. గుణశేఖర్‌గారి ‘రామాయణం’లో వేషములన్నియు బాలబాలికలకే ఇచ్చిరి, రాముడు నేటి జూనియర్ ఎన్. టి. ఆర్. పిల్లవాని ముఖమును పెద్దనటుని ముఖముతో ఎవరును పోల్చరు గదా. పోలికను తప్పించుకొనుటకు అదియొక చక్కని యుపాయము. 2011లో బాపుగారి ‘శ్రీరామరాజ్యం’లో బాలకృష్ణగారు రాముడు, నయనతారగారు సీత. సీతగా ఆమెను నిలుపుటపై మొదట పెదవి విఱిచినవారు కలరు. చిత్రము చూచిన పిమ్మట ఆ మాట వినబడుట తగ్గెను.

స్త్రీల వేషముల సంగతి గూడ ఒక మాట చెప్పవలెను. 1995లో కోడి రామకృష్ణగారి ‘అమ్మోరు’లో గ్రామదేవతగా రమ్యకృష్ణగారు, 2009లో ఆయనదే ‘అరుంధతి’లో అనుష్కగారు అతిమానుష పాత్రలను మోసిరి. ఈ రెండు చిత్రములును కంప్యూటరు చిత్రణమును విరివిగా వాడినవి. అయినను ప్రేక్షకులకు గుర్తున్నది ఆ యిరువురి కన్నులే.

ఇక అమీర్‌పేటకు మఱల వత్తము. 2023 జూన్ నెలలో సత్యం స్థలమందలి క్రొత్త భవనము ‘ఆదిపురుష్’ చిత్రముతో ప్రారంభమయ్యెను. ఆ చిత్రము ఆడు ప్రతి థియేటరులోను ఒక కుర్చీని హనుమంతుని కొఱకు ఖాళీగా విడువవలెనని నిర్మాతలు ప్రకటించిరి. రాఘవుడు ప్రభాస్‌గారు. 2015లో ‘బాహుబలి’లో శివలింగమును భుజమున మోసినప్పుడు ఆయన బలమును సందేహించినవారు లేరు. కాని ఆ నమ్మకము రాముని వేషమునకు అట్లే బదిలీ కాలేదు. రాముని మీసము, రావణుని కేశాలంకరణము, కంప్యూటరు బొమ్మల తీరు, సంభాషణలు అన్నియు విమర్శకు గుఱియయ్యెను. ఒక వీరునిగా గడించిన సమ్మతి వేఱొక వీరునిగా మఱల గడింపవలసినదే. ధనము ఎంత వెచ్చించినను ఈ నియమము తప్పలేదు.

ఏడు నెలలు గడచిన పిదప, 2024 సంక్రాంతికి, ప్రశాంత్ వర్మగారి ‘హను-మాన్’ వచ్చెను. నాయకుడు తేజ సజ్జ. 1998లో ‘చూడాలని వుంది’, 2002లో ‘ఇంద్ర’ చిత్రములలో బాలనటుడుగా కనిపించినవాడు, సినిమా కుటుంబమువాడు కాడు, ఆజానుబాహుడును కాడు. చిత్రమున నతడు అంజనాద్రి యను పల్లెలో చిల్లర దొంగతనములు చేయు కుఱ్ఱవాడు. ఒక మణి ప్రభావమున అతనికి బలము కలుగును. సన్నని వాడు కావున ఆ బలము అతనిది కాదనియు, ఎవరో యిచ్చినదనియు ప్రేక్షకుడు వెంటనే గ్రహించును. కథకు కావలసినది సరిగా అదియే. చిన్న చిత్రమని తలచినదానికి జనులు దేశమంతటను గుంపులుగా వచ్చిరి. హనుమంతుడు మాత్రము కంప్యూటరు చిత్రణముగానే దర్శనమిచ్చెను. తరువాయి చిత్రమున ఆ వేషమును కన్నడ నటుడు రిషబ్ శెట్టిగారు ధరింతురని 2024 అక్టోబరులో ప్రకటించిరి.

అదే యేడు జూన్ నెలలో నాగ్ అశ్విన్‌గారి ‘కల్కి 2898 ఏడీ’ విడుదలయ్యెను. ఎనుబదియేండ్లు దాటిన అమితాబ్ బచ్చన్‌గారు అందులో అశ్వత్థామ. చావులేనివానికి అంతకంటె తగిన ముఖము దొరకునా? కాని కృష్ణుని ముఖము మాత్రము స్పష్టముగా చూపలేదు. నటుడు నిలిచెను, నీడలో నిలిచెను. దర్శకుని వినయమును నేను గౌరవింతును. అయినను ఆ నీడను చూచినప్పుడు నాకు ఒక విచారము కలిగినది. ‘మాయాబజార్’ విడుదలయై అప్పటికి అఱువదియేడేండ్లు గడచెను. ఇన్ని యేండ్ల పిమ్మట తెలుగుదేశమున కృష్ణుడై నిలువగల ముఖము ఒక్కటియు లేదా? లేక, నిరాకరింపబడిన ముఖమును మఱల నిలువబెట్టి దానికై శ్రమించు ఓపిక మనకు లేదా?

రెండవదియే నిజమని నా యభిప్రాయము. కృష్ణానగర్ వీథులలో ఉదయము పూట నిలిచి చూడుడు. గోదావరి తీరమునుండి, పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి వచ్చిన యువకులు, యువతులు ఫోటోలు చేతబట్టుకొని ఏ వ్యాను వచ్చునా, ఏ ఏజెంటు పిలుచునా యని ఎదురుచూచుచుందురు. వారిలో చాలమందికి గుంపులో నిలుచు వేషమే దొరకును; కొందఱికి అదియును దొరకదు. వారందఱును నటులే యని నేను అనను. కాని వారిలో ఎవరు నటులో తెలిసికొనుటకు ఒక్క పరీక్షయైనను జరుగుట లేదను మాట నిజము. నాయక వేషములు చాలవఱకు పేరున్న కుటుంబములలోనే చేతులు మారుచున్నవి. కుటుంబమునుండి వచ్చినవారిలో సమర్థులు కలరు. వారిని నేను తక్కువ చేయను. అయినను నిమ్మకూరునుండి వచ్చినవాడును, సన్నని బాలనటుడును ఏ వాకిలి తెఱచియుండుటచే లోపలికి రాగలిగిరో ఆ వాకిలి నేటి యువకునకును తెఱచి యుండవలెను గదా.

కంప్యూటరు బలము నిచ్చును, ఎగిరించును, కొండ నెత్తించును. ఆ పనిని నేర్చుకొనుటకు అమీర్‌పేట శిక్షణశాలలకు పిల్లలు ప్రతిదినము వచ్చుచున్నారు. వారు మనకు గర్వకారణము. కాని ఎత్తిన కొండను దించిన పిమ్మట ఆ వీరుడు మన వంక చూచు చూపు నటునిదే కావలెను. ఆ చూపు గలవాడు సారథి స్టూడియో గోడప్రక్క టీకొట్టు బల్లమీద కూర్చుండి యుండవచ్చును. అతనికి మేకప్ వేయించి, కిరీటము పెట్టి, కెమేరా ముందు ఒక్కసారి నిలుపుడు. నప్పకున్నచో కె. వి. రెడ్డిగారివలె మఱొకసారి నిలుపుడు. నిర్మాతలకు నా మనవి యింతియే.